లెక్కలు లేవన్నవాళ్ళను లెక్క అడుగుదాం

(శంషాబాద్ మండలంలోని ఒక దళితవాడలో రాజ్యాంగ దినం సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



రాజ్యాంగం మీద నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని పిలిచిండ్రు. రాజ్యాంగం అనగానే పీఠిక చదివి, విగ్రహానికి దండేసి, టీ తాగి పోవుడు అలవాటయింది. మేము అట్ల చేయదలచుకోలేదు. ఇక్కడికి దగ్గర్లోనే జరిగిన ఒక సంగతితో మొదలుపెడతాం.

2020 మార్చి చివరి వారం. దేశమంతా లాక్‌డౌన్ పెట్టి ఇంకా వారం కాలేదు. పెద్ద గోల్కొండ దగ్గర ఔటర్ రింగు రోడ్డు మీద రాత్రిపూట ఒక ట్రక్కు పోతున్నది. అందులో సామాను లేదు, మనుషులున్నరు. రోడ్డు పనికి వచ్చిన కూలీలు, వాళ్ళ ఆడవాళ్ళు, పిల్లలు. పని బందయింది, బస్సుల్లేవు, రైళ్ళు లేవు. కర్ణాటకలోని రాయచూరు దిక్కు తమ ఊళ్ళకు పోతున్నరు. ఆ బండిని లారీ గుద్దింది. చనిపోయినవాళ్ళలో చిన్నపిల్లలు కూడా ఉన్నరు. పొద్దున్నే ఈ సంగతి మన ప్రాంతమంతా తెలిసింది. పేపర్లలో వచ్చింది. పోలీసుల దగ్గర కేసయింది. శవాలకు పంచనామా అయింది.

అదే సంవత్సరం సెప్టెంబర్ 14న ఢిల్లీలో లోక్‌సభ కూర్చున్నది. లాక్‌డౌన్‌లో సొంతూళ్ళకు పోతూ చనిపోయిన వలస కూలీలు ఎంతమంది అని సభ్యులు అడిగిండ్రు. కేంద్ర కార్మిక శాఖ రాతపూర్వకంగా జవాబిచ్చింది. అటువంటి లెక్కలు ఉంచలేదని ఆ జవాబు సారాంశం. మరి వాళ్ళ కుటుంబాలకు నష్టపరిహారం ఇచ్చారా అంటే, లెక్కే లేనప్పుడు ఆ ప్రశ్నే రాదన్నరు.

ఈ రెండు సంగతుల మధ్య ఐదున్నర నెలలున్నయి. ఆ ఐదున్నర నెలల్లో ఏం జరిగిందో, ఏం జరగలేదో చెప్పడానికే ఇయ్యాల మేము నిలబడ్డం.

ముందుగా ఒక మాట ఖరాఖండిగా చెబుతున్నం. రోగం అబద్ధం కాదు. మన వాడల్లోనే మనుషులను పోగొట్టుకున్నం. మాస్కు పెట్టుకోమనుడు తప్పు కాదు, గుంపులు కట్టొద్దనుడు తప్పు కాదు. ప్రభుత్వం ఏ కట్టడీ పెట్టొద్దని మేము అనడం లేదు. కట్టడి పెట్టేవాణ్ణి అడిగేవాడు ఎవడు అన్నదే మా ప్రశ్న.

ఏ చట్టంతో మూసేసిండ్రు?

2020 మార్చి 23న పార్లమెంటు రెండు సభలూ ముందనుకున్న తేదీ కంటే ముందే నిరవధికంగా వాయిదా పడ్డయి. మరునాడు 24న రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి టీవీలో కనిపించిండు. అర్ధరాత్రి నుంచి 21 రోజులు ఎవరూ గడప దాటొద్దన్నడు. నాలుగు గంటల వ్యవధి. ఇంట్లో ఫ్రిజ్జు, బ్యాంకులో పైసలు ఉన్నవాడికి నాలుగు గంటలు చాలు. రోజు కూలి రోజు తినేవాడికి నాలుగు వారాలైనా చాలవు.

ఇంత పెద్ద నిర్ణయానికి పార్లమెంటు కొత్త చట్టమేమీ చేయలేదు. రెండు పాత చట్టాలను బయటికి తీసిండ్రు. ఒకటి 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం. తుఫాన్లు, భూకంపాలు, సునామీలను మనసులో పెట్టుకొని చేసిన చట్టమది. దాని కింద కేంద్రం ఉత్తర్వులిస్తే రాష్ట్రాలు, కలెక్టర్లు, పోలీసులు అందరూ అమలు చేయాల్సిందే. కాదన్నవాడికి 51వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. ఆ చట్టం కింద చేసే నిబంధనలను పార్లమెంటు ముందు పెట్టాలని అందులోనే ఉన్నది. కానీ మనల్ని ఇంట్లో కూర్చోబెట్టింది నిబంధనలు కావు. ఉత్తర్వులు, మార్గదర్శకాలు. వాటికి ఆ షరతు వర్తించలేదు. పెద్ద తలుపుకు తాళం వేసి దొడ్డి తలుపు తెరిచి పెట్టినట్లయింది.

రెండోది 1897 నాటి అంటువ్యాధుల చట్టం. బొంబాయి రాష్ట్రంలో ప్లేగు వచ్చినప్పుడు తెల్లదొరలు చేసింది. నాలుగు సెక్షన్ల చిన్న చట్టం. ప్రభుత్వానికి అధికారం ఇచ్చింది, ప్రజలకు శిక్ష రాసింది, అధికారి మీద దావా వేయొద్దన్నది. రోగికి అన్నం, మందు, కూలి ఇవ్వాలని ఒక్క ముక్క రాయలేదు. అదే ప్లేగులో పుణె దగ్గర ఒక మహర్ల పిల్లగాడు రోగంతో పడి ఉంటే, మన తల్లి సావిత్రీబాయి ఫూలే వాణ్ణి మోసుకొని దవాఖానకు తెచ్చింది. ఆ రోగమే సోకి 1897 మార్చి 10న ప్రాణం విడిచింది. ఒకే ఏడాదిలో ఒకే రోగానికి రెండు జవాబులు. ఒకటి దొర చట్టం, ఇంకొకటి సావిత్రీబాయి భుజం. 123 ఏండ్ల తర్వాత మన పాలకులు ఏది ఎంచుకున్నరో మీరే చూసిండ్రు.

మనం ఏం చూసినం?

2008లో విమానాశ్రయం వచ్చినప్పుడు ఈ చుట్టుపక్కల దాదాపు 5,500 ఎకరాలు పోయినయి. భూమి పోయిన ఇండ్లల్లోని పిల్లలు అక్కడే ఊడ్చేవాళ్ళయిండ్రు, సామాన్లు మోసేవాళ్ళయిండ్రు, క్యాబు డ్రైవర్లయిండ్రు. 2020 మార్చి 24 అర్ధరాత్రి దేశంలోపలి విమానాలు ఆగినయి. పర్మినెంటు ఉద్యోగి ఇంట్లో కూర్చున్నడు. కాంట్రాక్టు మనిషికి కాంట్రాక్టరు ఫోనెత్తలేదు. కారు మీద అప్పున్న డ్రైవరుకు కిస్తీ ఆగలేదు.

మార్చి 29న కేంద్ర హోం శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. పని బందున్న రోజులకూ యజమానులు జీతం కోయకుండా ఇవ్వాలని, కూలీల దగ్గర ఇంటి యజమానులు నెల కిరాయి అడగొద్దని. ఎంత మంచి మాట! మన వాడలో ఎంతమందికి ఆ సంగతి తెలుసు? మేము అడిగి చూసినం, వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మందికి కూడా తెలియదు. ఉత్తర్వు ఇంగ్లీషులో వచ్చింది, లాఠీ మాత్రం తెలుగులోనే మాట్లాడింది. మే నెలలో జీతాల ఉత్తర్వును వెనక్కి తీసుకున్నరు. ఎందుకిచ్చిండ్రు, ఎందుకు తీసిండ్రు, మధ్యలో ఎంతమందికి జీతాలు ముట్టినయి అని నిలబెట్టి అడగడానికి సభ లేదు.

మే 1న మన లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు మొదటి శ్రామిక రైలు పోయింది. సుమారు 1,200 మంది కూలీలు అందులో పోయిండ్రు. అంతకు రెండు రోజుల ముందు సంగారెడ్డి దగ్గర కంది నిర్మాణ పనుల కాడ కూలీలు తిరగబడితే గాని ఆ రైలు కదలలేదు. సభ లేనప్పుడు కూలీలే రోడ్డు మీద సభ పెట్టిండ్రు. తెలంగాణ మిరప తోటల్లో ఏరడానికి వచ్చిన 12 ఏండ్ల ఆదివాసీ పాప మాత్రం రైలు వచ్చేదాకా ఆగలేకపోయింది. ఛత్తీస్‌గఢ్‌కు నడిచి నడిచి, ఏప్రిల్‌లో ఇల్లు ఇంకొంచెం దూరం ఉందనంగ ప్రాణం వదిలింది.

ఇక 'సామాజిక దూరం' అన్నరు. ఆ మాట వినంగనే మన ముసలోళ్ళు నవ్విండ్రు. మాకు కొత్తగా నేర్పేదేమున్నది బిడ్డా, అన్నరు. రోగానికి కావాల్సింది మనిషికీ మనిషికీ మధ్య ఆరడుగుల జాగా. దానికి ఊరికీ వాడకూ మధ్య ఉన్న దూరం పేరు పెట్టిండ్రు. మురికి ఎత్తే మన అక్కచెల్లెండ్లకు చప్పట్లు కొట్టిండ్రు. మే 3న గాంధీ ఆసుపత్రి మీద హెలికాప్టరు నుంచి పూలు చల్లిండ్రు. పూలు చల్లినంక వాటిని ఊడ్చింది ఎవరో చెప్పాల్సిన పని లేదు.

అంబేద్కర్ చెప్పిన రెండు పరీక్షలు

1948 నవంబర్ 4న బాబాసాహెబ్ రాజ్యాంగం ముసాయిదాను సభ ముందు పెడుతూ ఒక సంగతి వివరించిండు. అమెరికా పద్ధతిలో ప్రభుత్వం స్థిరంగా ఉంటది, మన పద్ధతిలో ప్రభుత్వం జవాబుదారీగా ఉంటది, రెంటిలో మనం జవాబుదారీతనాన్నే ఎక్కువ కోరుకున్నం అన్నడు. ఆ జవాబుదారీతనాన్ని రెండు రకాలుగా కొలుస్తమన్నడు. అయిదేండ్లకోసారి ఓటర్లు కొలుస్తరు. రోజు రోజూ సభలో సభ్యులు ప్రశ్నలతో, తీర్మానాలతో, అవిశ్వాసాలతో, చర్చలతో కొలుస్తరు. అయిదేండ్లకోసారి కొలుచుడు కంటే రోజూ కొలుచుడే గట్టిదని ఆయన భావం.

మేము బడిపంతుళ్ళం కాబట్టి మా భాషలో చెబుతం. ఏడాదికోసారి పరీక్ష పెడతం. కానీ రోజూ పలక చూడకపోతే పరీక్షలో పిల్లగాడు ఏం రాస్తడు? తప్పును ఆ రోజే దిద్దాలె. మార్చిలో చేసిన తప్పును అయిదేండ్లకు దిద్దితే, ఆ తప్పు కింద నలిగినోడు బతికి ఉంటడా?

ఇప్పుడు ఈ కొలత పట్టుకొని చూడండి. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటొద్దని రాజ్యాంగం 85వ అధికరణం. మార్చి 23న లేచిన పార్లమెంటు సెప్టెంబర్ 14న కూర్చున్నది. గడువు ఇంకో తొమ్మిది రోజులుందనంగ! చట్టం అక్షరం దాటలేదు, నిజమే. ఆరు నెలల గడువు మామూలు రోజులకు పెట్టిన ఆఖరి గీత. ఇంటికి నిప్పంటుకున్నప్పుడు ఆ గీత దాకా ఆగుతమా?

కూర్చున్నది గదా అంటరేమో. కూర్చున్న సభలో ప్రశ్నోత్తరాల సమయం తీసేసిండ్రు. రాతప్రశ్నకు రాతజవాబు మాత్రమే. మంత్రిని నిలబెట్టి, జవాబు మీద మళ్ళీ అనుబంధ ప్రశ్న వేసే అవకాశం పోయింది. లెక్కలు లేవని మంత్రి అన్నప్పుడు, పెద్ద గోల్కొండ కేసు పోలీసు రికార్డులో ఉన్నది గదా, దేశంలోని ఠాణాలన్నిటి నుంచి ఎందుకు తెప్పించలేదు అని అడిగే దారి మూసుకుపోయింది. అదే సమావేశంలో రైతు బిల్లులు, కార్మిక కోడ్‌లు గబగబా గట్టెక్కినయి. వలస కూలీల కోసం 1979లో చేసిన చట్టాన్ని ఒక కోడ్‌లో కలిపేసిండ్రు. అక్టోబర్ 1 దాకా జరగాల్సిన సభ సెప్టెంబర్ 23నే లేచింది. ఆ ఏడు శీతాకాల సమావేశమే లేదు.

అడగందే అమ్మయినా పెట్టదంటరు. అడిగితే ఏమొస్తదో కూడా ఆ సమావేశంలోనే తేలింది. శ్రామిక రైళ్ళలో ఎంతమంది చనిపోయిండ్రని రాజ్యసభలో ఒక సభ్యుడు అడిగితే, సెప్టెంబర్ 9 దాకా 97 మంది అని రైల్వే మంత్రి జవాబిచ్చిండు. కోటీ నాలుగు లక్షల మందికి పైగా కూలీలు సొంతూళ్ళకు తిరిగిపోయినట్లు కార్మిక శాఖే సభకు చెప్పింది. అంటే లెక్క పెట్టాలనుకున్నది లెక్కకు వస్తది. బతికి ఇల్లు చేరినోళ్ళకు లెక్కున్నది, రైలులో పోయినోళ్ళకు లెక్కున్నది. రోడ్డు మీద పోయినోళ్ళకు లేదు.

సభ్యులకు రోగం రాదా అని అడగొచ్చు. వచ్చింది. తిరుపతి ఎస్సీ రిజర్వుడు స్థానం ఎంపీ బల్లి దుర్గాప్రసాద్ గారు ఆ సమావేశం నడుస్తుండంగనే సెప్టెంబర్ 16న కరోనాతో చనిపోయిండు. ఆ భయాన్ని మేము ఎగతాళి చేయం. కానీ భయానికి మందు సభను మూసేయడమేనా? బ్రిటన్‌లో 2020 ఏప్రిల్‌లోనే కొందరు సభ్యులు సభలో కూర్చొని, మిగతావాళ్ళు ఇండ్లల్లో తెర ముందు కూర్చొని మంత్రులను ప్రశ్నలడిగిండ్రు. వాళ్ళ కరోనా చట్టాన్ని ఆరు నెలలకోసారి సభ ముందు ఓటుకు పెట్టాలని ఆ చట్టంలోనే రాసుకున్నరు. మన దగ్గర బడిపిల్లలు ఫోన్లలో పాఠాలు వినాలన్నరు గాని, పార్లమెంటు స్థాయీ సంఘాలు మాత్రం వీడియోలో కూర్చోవద్దన్నరు. రహస్యాలు బయటపడతయట! హోం వ్యవహారాల స్థాయీ సంఘం ఎట్లనో కూర్చొని, 2020 డిసెంబర్ 21న నివేదిక ఇచ్చింది. వలస కూలీల జాతీయ పట్టిక తయారు చేయాలని అందులో చెప్పింది. మంచి మాటే. కానీ చర్చించడానికి అప్పుడు సభ లేదు.

ఇంకొకటి. 2020 ఏప్రిల్‌లో ఎంపీ నిధులను రెండేండ్లు ఆపుతున్నట్లు మంత్రివర్గం నిర్ణయించింది. ఆ నిధుల్లో 15 శాతం దళితులున్న చోట, 7.5 శాతం ఆదివాసులున్న చోట ఖర్చు పెట్టాలని నిబంధన. అంటే మన వాడ సీసీ రోడ్డు, మన కమ్యూనిటీ హాలు కూడా ఆగినట్లే. 2021 నవంబర్‌లో మళ్ళీ మొదలుపెట్టిండ్రు. ఆపేటప్పుడు మన వాటా సంగతేంది అని సభలో అడిగే సందే లేకపోయింది.

మన హైదరాబాద్ సంగతి

ఢిల్లీని అని హైదరాబాద్‌ను వదిలితే అన్యాయం. 2020 మార్చి 30న తెలంగాణ ప్రభుత్వం ఒక జీవో ఇచ్చింది. ఉద్యోగుల జీతంలో సగం, పెన్షన్‌లో సగం, నాలుగో తరగతి ఉద్యోగుల జీతంలో 10 శాతం వాయిదా. ఏ చట్టం కింద అని హైకోర్టులో ప్రశ్న వచ్చింది. జూన్‌లో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అసెంబ్లీ మార్చిలో లేచి సెప్టెంబర్ 7న గాని కూర్చోలేదు, అప్పుడు బిల్లు పెట్టి పాస్ చేసుకున్నరు. ముందు కోత, తర్వాత ఆర్డినెన్సు, చివరకు చట్టం. దున్నపోతు ఈనిన తర్వాత దూడను వెతికినట్లున్నది. ఆ పైసలు తర్వాత వాయిదాల్లో ఇచ్చిండ్రు. ఆంధ్రప్రదేశ్‌లో అక్కడి హైకోర్టు వడ్డీతో చెల్లించమన్నది, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వడ్డీని 6 శాతం చేసింది.

ఇక్కడ మమ్మల్ని మేమే అడుగుకోవాలె. మేము మా తరంలో మొదటిసారి డిగ్రీ చదివినోళ్ళం. మాకు సంఘాలున్నయి, వకీళ్ళున్నరు. మా జీతం మీద కోత పడితే ఏ చట్టమని అడిగినం. మరి వలస కూలీని ఏ చట్టంతో ఆపినవని మా సంఘాలు ఎన్ని దరఖాస్తులు పెట్టినయి? బాబాసాహెబ్ పుణ్యాన చదువుకొని, ఆయన నేర్పిన ప్రశ్నను మా జీతానికే వాడుకున్నం. ఇది మా తప్పు. ఒప్పుకుంటున్నం.

మన ఊళ్ళు కూడా ఒప్పుకోవాల్సింది ఉన్నది. ఆ రోజుల్లో తెలంగాణలో ఎన్ని ఊళ్ళ పొలిమేరల్లో ముండ్లకంపలు వేయలేదు? ఎవర్నీ రానియ్యొద్దని కట్టెలు పట్టుకొని నిలబడ్డోళ్ళలో మన పిల్లలు కూడా ఉన్నరు. తరతరాలు కంచె అవతల నిలబడ్డ మనం ఒక్క రాత్రిలో కంచె ఇవతల కాపలా కాసినం. అడగడం మరిచిపోయిన మనిషి ఆజ్ఞ మోసే మనిషైతడు.

బడి సంగతి కూడా చెప్పాలె. 2020 సెప్టెంబర్ 1 నుంచి టీవీలో పాఠాలన్నరు. ఒక ఇంట్లో ముగ్గురు పిల్లలు, ఒక ఫోను, అది కూడా తండ్రి జేబులో. మేము వాడవాడ తిరిగి వర్క్‌షీట్లు ఇచ్చినం. కొందరు పిల్లలు అప్పటికే పనికి కుదిరిండ్రు. బడి తెరిచినంక తిరిగి రాని ఆడపిల్లల ఇండ్లకు పోతే కొందరికి పెండ్లిళ్ళయినయి. ఎన్ని బడుల్లో ఎంతమంది ఇట్ల పోయిండ్రని ఏ సభ కూర్చొని లెక్క తీసింది?

ఇప్పుడెందుకు?

అయిపోయిన సంగతి ఎందుకంటరు. అయిపోలేదు. 1897 చట్టం అట్లనే ఉన్నది, దానికి ఇంకిన్ని పండ్లు పెట్టిండ్రు. 2005 చట్టం అట్లనే ఉన్నది. ఇంకో రోగం రావచ్చు, ఇంకో పేరుతో తాళం పడవచ్చు. కరోనాతో చనిపోయినోళ్ళ కుటుంబాలకు 2021 జూన్ 30న సుప్రీంకోర్టు చెబితే గాని 50 వేల సాయం రాలేదు. అదే చట్టం 12వ సెక్షన్‌లో సాయం సంగతి 2005 నుంచే రాసి ఉన్నది. రోడ్డు మీద లారీ కింద పోయినోళ్ళకు, నడిచి నడిచి పోయినోళ్ళకు ఆ 50 వేలు కూడా వర్తించలేదు. వాళ్ళను చంపింది వైరస్ కాదు గదా!

బ్రిటన్‌లో న్యాయమూర్తిని పెట్టి బహిరంగ విచారణ జరిపిండ్రు. మాజీ ప్రధానిని కూడా కుర్చీలో కూర్చోబెట్టి అడిగిండ్రు. మన కేంద్రం అటువంటి విచారణ వేయలేదు.

కనుక మనం అడిగేది ఇది. ఎంత పెద్ద విపత్తు వచ్చినా, జనాన్ని ఆపే ఉత్తర్వు ఏదైనా కొద్ది రోజుల్లోనే సభ ముందుకు రావాలె, సభ ఒప్పుకోకపోతే రద్దు కావాలె. ప్రశ్నోత్తరాల సమయాన్ని ఏ సాకుతోనూ తీసేయకూడదు. సభ్యులు రాలేకపోతే వీడియోలో కూర్చోవాలె. ఉత్తర్వు తెలుగులో రావాలె, వాడ గోడ మీద అంటించాలె, డప్పు చాటింపు వేయాలె. రోడ్ల మీద పోయిన కూలీల లెక్క ఠాణాల వారీగా తీసి, వాళ్ళ కుటుంబాలకు పరిహారం ఇవ్వాలె.

మనం చేయాల్సింది కూడా ఉన్నది. శంషాబాద్ రాజేంద్రనగర్ అసెంబ్లీ నియోజకవర్గంలో, చేవెళ్ళ లోక్‌సభ నియోజకవర్గంలో ఉన్నది. ఎమ్మెల్యే, ఎంపీ ఓట్లకు వచ్చినప్పుడు రోడ్డు అడుగుతం, పెన్షన్ అడుగుతం. ఇకనుంచి ఇంకొకటి అడుగుదాం: ఈ ఏడు సభలో మా గురించి ఎన్ని ప్రశ్నలు వేసినవు, కాగితం చూపించు. కార్యకర్తలు తమ తమ మండలాల్లో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులు పెట్టండి. 2020 మార్చి 25 నుంచి మే 31 దాకా మీ ఠాణా పరిధిలో రోడ్ల మీద చనిపోయిన బాటసారులు, కూలీలు ఎంతమంది అని అడగండి. ఢిల్లీ దగ్గర లెక్క లేకపోతే వాడ నుంచి పంపుదాం. చదువుకున్న పిల్లలు ఒక నోటుబుక్కు తీసుకొని, మొదటి పేజీలో మన పెద్ద గోల్కొండ రోడ్డు మీద పోయినోళ్ళ సంగతి రాయండి. వాళ్ళు మన ఊరోళ్ళు కాదు, మన భాష వాళ్ళు కూడా కాకపోవచ్చు. మన గడ్డ మీద పోయిండ్రు. వాళ్ళ లెక్క మన బాధ్యత.

జై భీం.